మైకు లేని రేడియో: అనంతపురం మిద్దె మీద క్యూసీఎక్స్ మినీతో ఏడు నెలలు

ముందే చెప్పేస్తాను. క్యూసీఎక్స్ మినీ అనే ఈ రేడియోలో మాట్లాడటానికి లేదు. మైకు తగిలించే చోటే ఉండదు. స్పీకరు కూడా లేదు, ఇయర్‌ఫోన్ పెట్టుకోవాల్సిందే. ఒకే ఒక బ్యాండు (ఒక వరుస ఫ్రీక్వెన్సీలు) మీద, చుక్కలూ గీతలుగా కొట్టే మోర్స్ కోడ్‌లో సంభాషించడానికి చేసిన రేడియో ఇది. పేకముక్కల పెట్టె కంటే కాస్త పెద్దగా, పొడవు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు ఉంటుంది. పంపే శక్తి మహా అయితే 5 వాట్లు, రాత్రిపూట వసారాలో వేసి ఉంచే చిన్న ఎల్‌ఈడీ బల్బు తీసుకునేంత. అయినా ఏడు నెలలుగా మా ఇంట్లో సాయంత్రమైతే టీవీ కంటే ముందు దీన్నే ఆన్ చేస్తున్నాం. మేము అంటే నేనూ, మా నాయనా.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మా నాయన గుంతకల్లులో రైల్వే సిగ్నలర్‌గా పని చేశాడు. తంతి కొట్టడం, తంతి వినడమే ఆయన ఉద్యోగం. ఇప్పుడు ఆయనకు 84 ఏళ్లు. నాకు హామ్ రేడియో (సరదా కోసం నడుపుకునే సొంత రేడియో స్టేషను) లైసెన్సు 2014లో వచ్చింది, జనరల్ గ్రేడు. అప్పుడు ఆ గ్రేడు కావాలంటే నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ పరీక్ష పాసవ్వాలి. మోర్స్ వద్దనుకుంటే రిస్ట్రిక్టెడ్ గ్రేడు ఉండేది. ప్రపంచ స్థాయిలో హామ్‌లకు మోర్స్ తప్పనిసరి అన్న నియమాన్ని 2003లోనే తీసేశారు కదా, ఇంకా ఎందుకమ్మా ఆ తిప్పలు అని చాలామంది అన్నారు. చిన్నప్పటి నుంచి ఆ చప్పుడు మధ్య పెరిగినదాన్ని. అది రాకుండా లైసెన్సు తీసుకోవడం నాకు సబబు అనిపించలేదు.

ఈ రేడియో కొనడానికి కారణం నాయన చెవులు. నాలుగేళ్లుగా ఆయనకు ఫోన్‌లో మాటలు అర్థం కావడం లేదు. గొంతు వినబడుతుంది, మాట తెలియదు. వయసు మీద పడేకొద్దీ ముందు పోయేది ఎక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలు. స, శ, త, ఫ లాంటి హల్లులను విడదీసి పోల్చుకోవడానికి అవే కావాలి. అవి పోతే మాటంతా ముద్దగా చెవిలో పడుతుంది. హియరింగ్ ఎయిడ్ కొన్నాం. పెట్టుకుంటాడు, తీసేస్తాడు. మనవడు అమెరికా నుంచి వీడియో కాల్ చేస్తే నవ్వుతూ తలూపుతాడు గానీ, కాల్ అయిపోయాక "ఏమన్నాడు పాపా వాడు?" అని నన్నడుగుతాడు. ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ నాకు ప్రాణం ఉసూరుమనేది.

ఒకరోజు నేను ఫోన్‌లో మోర్స్ ప్రాక్టీసు చేసుకుంటున్నాను. పక్క గదిలోంచి నాయన వచ్చి, నేను తప్పు రాసుకున్న అక్షరాన్ని వేలితో చూపించి "అది యు గాదు, వి" అన్నాడు. యు అంటే రెండు చుక్కలు ఒక గీత, వి అంటే మూడు చుక్కలు ఒక గీత. నా మాట వినబడని మనిషికి ఆ ఒక్క చుక్క వినబడింది. మోర్స్ టోన్ 700 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆయన చెవిలో ఆ భాగం ఇంకా పదిలంగానే ఉంది. పైగా అక్కడ పోల్చుకోవాల్సింది శబ్దం ఉందా లేదా, ఎంతసేపు ఉంది అన్నది మాత్రమే. ఆ రాత్రే మోర్స్‌కు మంచి రేడియో కోసం వెతకడం మొదలుపెట్టాను.

అప్పటికి నా దగ్గర మైక్రోబిట్‌ఎక్స్ ఉంది. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన సెట్టు అది. మాటలకీ మోర్స్‌కీ రెంటికీ పనికొస్తుంది, ఎన్నో బ్యాండ్లు ఉన్నాయి, మన దేశంలో ఎంతోమందిని దూర దేశాలు అందే హెచ్ఎఫ్ బ్యాండ్ల మీదికి తెచ్చింది. దాని మీద నాకున్న గౌరవం ఎప్పటికీ తగ్గదు. కానీ నాయన కోసం నాకు కావలసింది వేరు. పక్క స్టేషన్ల గోల రాకుండా ఒక్క టోన్ మాత్రం శుభ్రంగా చెవిలో పడాలి. క్యూసీఎక్స్ మినీలో ఉన్న ఫిల్టరు వెడల్పు 200 హెర్ట్జ్. మనిషి మాట పంపాలంటే 2,400 హెర్ట్జ్ పైచిలుకు వెడల్పు కావాలి, మోర్స్‌కు 150 చాలు. రైతు బజారులో నిలబడి వినడానికీ, తలుపు మూసిన గదిలో కూర్చుని వినడానికీ ఉన్నంత తేడా ఉంటుంది.

దీన్ని చేసేది క్యూఆర్‌పీ ల్యాబ్స్ అనే సంస్థ, రూపకర్త హాన్స్ సమ్మర్స్. మొదటి క్యూసీఎక్స్‌ను 2017లో ఇంగ్లండ్‌లోని గిల్‌వెల్ పార్కులో జరిగిన యువ హామ్‌ల శిబిరం కోసం తయారు చేశాడు, పిల్లలు తమ చేతులతో సోల్డరింగ్ చేసుకుని ఇంటికి పట్టుకెళ్లేటట్టుగా. మినీ దాని తమ్ముడు. నా కిట్టు బెంగళూరులోని ఒక హామ్ మిత్రుడి దగ్గర విప్పకుండా పడి ఉంటే, డబ్బాతో సహా 6,500 రూపాయలకు తీసుకున్నాను. 40 మీటర్ల బ్యాండుది, అంటే 7 మెగాహెర్ట్జ్ దగ్గరిది. కిట్టు కొనేవాళ్లు బ్యాండు విషయం ముందే తేల్చుకోవాలి, తర్వాత మార్చుకోవడం అంత తేలిక కాదు. నన్నడిగితే మన ప్రాంతానికి 40 మీటర్లే మంచిది. పగలు బెంగళూరు, చెన్నై, హైదరాబాదు, కేరళ వస్తాయి. చీకటి పడ్డాక దేశాలు వస్తాయి.

చిన్న చిన్న చిప్పులన్నీ వాళ్లే బోర్డుకు అతికించి పంపుతారు. మనం పెట్టాల్సినవి కెపాసిటర్లు, కనెక్టర్లు, ట్రాన్సిస్టర్లు, తీగ చుట్టాల్సిన రింగులు. సోల్డరింగ్ ఐరన్ పట్టిన అలవాటు ఉన్నవాళ్లకు నాలుగు సాయంత్రాల పని. కష్టమంతా టీ1 అనే రింగు దగ్గర ఉంది. ఒకే రింగు మీద నాలుగు చుట్లు వేరువేరుగా రావాలి, వాటి ఎనిమిది కొసలూ సరైన రంధ్రాల్లోకి వెళ్లాలి. తీగ మీద ఎనామిల్ పూత ఉంటుంది. కొసల దగ్గర ఆ పూత గీకకపోతే పైకి సోల్డరింగ్ అందంగా కనిపిస్తుంది గానీ లోపల కరెంటు పారదు. నేను రెండు కొసలు సరిగ్గా గీకలేదు. రేడియో వెలిగింది, డిస్‌ప్లే వచ్చింది, బ్యాండు మాత్రం నిశ్శబ్దం. మూడు రోజులు టెన్షన్ పడ్డాను. చివరికి మల్టీమీటరు పెట్టి ఒక్కో చుట్టూ చూసుకుంటూ వస్తే దొరికింది. మీరు కట్టేటప్పుడు సోల్డరింగ్ అయిన వెంటనే ఆ నాలుగు చుట్లూ మీటరుతో చూసుకోండి, ఐదు నిమిషాల పని. సర్దుబాటు చేసుకోవడానికి వేరే పరికరాలు కొననక్కర్లేదు, టెస్ట్ సిగ్నల్ పుట్టించే ఏర్పాటు రేడియోలోనే ఉంది. తెర మీద చూస్తూ స్క్రూ తిప్పుకుంటే అయిపోతుంది. దానికి పట్టింది అరగంట.

ఇక నాయన దాచుకున్న కీ, అంటే మోర్స్ కొట్టే మీట, సంగతి. ఇత్తడి కీ, టేకు చెక్క మీద బిగించి ఉంటుంది. రిటైరయ్యే ముందు గుంతకల్లులో పాత సామాన్ల వ్యాపారి దగ్గర కొనుక్కొచ్చి, ఇన్నేళ్లూ బీరువాలో పాత ధోవతిలో చుట్టి పెట్టుకున్నాడు. బయటికి తీసి, స్ప్రింగు విప్పి, చింతపండుతో తోమి, కాంటాక్టుల మధ్య తెల్ల కాగితం పెట్టి మెల్లగా లాగాడు. నల్లటి గీత కాగితానికి అంటుకుని వచ్చింది. మళ్లీ లాగాడు. కాగితం తెల్లగా వచ్చేదాకా ఆపలేదు. ఆకురాయితో రుద్దగూడదంట, కాంటాక్టు గుంటలు పడుతుందంట. సందు ఎంత ఉండాలని అడిగితే లేచి వెళ్లి పోస్టుకార్డు తెచ్చి మధ్యలో పెట్టి బిగించాడు. నేను రెండు తీగలతో 3.5 మిల్లీమీటర్ల పిన్ను కట్టి రేడియోకు తగిలించాను. మెనూలో కీ రకాన్ని స్ట్రెయిట్ అని మార్చుకుంటే చాలు.

ఇక్కడ ఈ రేడియోలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి చెప్పాలి. దీంట్లో ప్రాక్టీస్ మోడ్ ఉంది. అది పెట్టుకుంటే కీ నొక్కినప్పుడు టోన్ మన చెవిలో వినిపిస్తుంది, యాంటెన్నాకు మాత్రం ఏమీ వెళ్లదు. నాయనకు లైసెన్సు లేదు, ఆయన గాలిలోకి పంపకూడదు. ఎంత తండ్రి అయినా ఆ హద్దు దాటడం నాకు ఇష్టం లేదు, ఆయన నాకంటే పట్టుదల మనిషి. ప్రాక్టీస్ మోడ్ పెట్టి ఇచ్చాను. ఇయర్‌ఫోన్ పెట్టుకుని మొదట ఎంతసేపటికీ నొక్కలేదు. తర్వాత రెండు అక్షరాలు కొట్టి తల అడ్డంగా ఊపాడు.

"మోగుతాంది. తార్ అంటే మోగేది గాదు పాపా, టక్కుమనాల."

నిజమే. రైల్వే తంతిలో టోన్ ఉండేది కాదు, సౌండర్ ఉండేది. అయస్కాంతం లాగినప్పుడు లోహపు కమ్మీ కిందపడి ఒక టక్కు, వదిలినప్పుడు పైకి లేచి ఇంకో రకం టక్కు. ఆ రెండు టక్కుల మధ్య ఎడాన్ని బట్టి చుక్కా గీతా పోల్చుకునేవాళ్లు. నాయన నోటిలో చుక్క 'కట్టు', గీత 'కడ'. నలభై ఏళ్లు ఖాళీనే విన్న చెవికి ఇప్పుడు శబ్దం వినమంటే ఎట్లా? రెండు వారాలు పట్టింది. రోజూ పొద్దున ఉగ్గాణి తిన్నాక ఆయనే అడిగి రేడియో ముందు కూర్చునేవాడు. గీత మూడు చుక్కలంత పొడుగు, అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు చుక్కల ఖాళీ, మాటకీ మాటకీ మధ్య ఏడు. ఈ లెక్కలు పుస్తకంలో నేను చదివాను. ఆయన చేతిలో అవి ఉన్నాయి. మూడో వారంలో రేడియో ముందు కూర్చుని, చెన్నై వైపు నుంచి వస్తున్న ఒక స్టేషను మాటలను పాత ఆన్సర్ షీట్ల వెనక వైపు గుండ్రటి పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టాడు. నేను అక్షరం వినగానే రాస్తాను. ఆయన రెండు మూడు అక్షరాలు వెనకబడి రాస్తాడు. చెవి ముందు నడుస్తుంది, చెయ్యి వెనక వస్తుంది. సిగ్నలర్లంతా అట్లానే రాసేవాళ్లంట. అందుకే మధ్యలో ఒక అక్షరం గాలికి కొట్టుకుపోయినా ఆయన మాట తప్పిపోదు.

అప్పటినుంచి మా పద్ధతి ఇది. ఇయర్‌ఫోన్ రంధ్రానికి ఒక స్ప్లిటర్ పెట్టాం, నూటయాభై రూపాయలది. ఒక జత ఆయనకి, ఒక జత నాకు. వినేది, రాసేది ఆయన. పంపేది నేను. గాలిలో వినిపించేది నా కాల్ సైన్ (లైసెన్సుతో ఇచ్చే స్టేషను పేరు), నా చెయ్యి. కానీ ఆ కాగితం మీది రాత ఆయనది.

యాంటెన్నా మామూలు డైపోలే. మిద్దె మధ్యలో 15 అడుగుల జీఐ పైపు నిలబెట్టి, అటు 33 అడుగులు, ఇటు 33 అడుగుల రాగి తీగను పిట్టగోడ మూలలకు వంచి కట్టాం. ఆషాఢం గాలికి ఒకసారి ఒకవైపు తెగింది. అనంతపురం ఆషాఢం గాలి తెలిసినవాళ్లు ముందుగానే నైలాన్ తాడుకు బదులు చివర ఒక స్ప్రింగు పెట్టుకోండి. యాంటెన్నా లేకుండా, లేదా తెగిన యాంటెన్నాతో కీ నొక్కడం ఈ రేడియోకు మంచిది కాదు. పంపే పని చేసేవి బీఎస్170 అనే మూడు చిన్న ట్రాన్సిస్టర్లు, తట్టుకోలేవు. అదనంగా నాలుగు కొని డ్రాయరులో పెట్టుకున్నాను. ఇంతవరకు అవసరం రాలేదు.

కరెంటు కోసం యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ. ఒకసారి చార్జింగ్ పెడితే మా వాడకానికి నాలుగైదు రోజులు వస్తుంది. బ్యాటరీ పెట్టడంలో ఇంకో లాభం ఉంది. మా వీధిలో ఎల్‌ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్లు అన్నీ కలిసి బ్యాండు మీద ఎప్పుడూ ఒక సొద పెడుతుంటాయి. వీధి మొత్తానికి కరెంటు పోయిన రోజు చూడాలి. ఇన్వర్టరు ఉన్న ఒకటి రెండు ఇళ్లు తప్ప అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో అడుగున ఎక్కడో సన్నటి టోన్లు ఒక్కొక్కటే పైకి తేలతాయి. కరెంటు పోతే ఇప్పుడు నాయన ముందు కొవ్వొత్తి వెతకడు, ఇయర్‌ఫోన్ వెతుకుతాడు.

లాగ్ పుస్తకంలో ఇప్పటికి 63 సంభాషణలు ఉన్నాయి. ఎక్కువ శాతం దక్షిణాదివే. శ్రీలంక రెండుసార్లు, ఇండోనేషియా ఒకసారి. అన్నిటికంటే దూరం సైబీరియాలోని నోవోసిబిర్స్క్, దాదాపు నాలుగున్నర వేల కిలోమీటర్లు. రాత్రి పదిన్నరకు, 5 వాట్ల కంటే తక్కువతో. అతను నాకిచ్చిన రిపోర్టు 339. అంటే కష్టపడితే చదవగలను, సిగ్నలు బలహీనం, టోన్ మాత్రం చక్కగా ఉంది అని. నా కాల్ సైన్ మూడుసార్లు అడిగి మరీ పూర్తిగా రాసుకున్నాడు. అంత ఓపిక ఎందుకు పట్టాడో నాకు తెలుసు, మోర్స్ మీద కూర్చునేవాళ్లు అట్లానే ఉంటారు. 7.030 మెగాహెర్ట్జ్ దగ్గర తక్కువ శక్తి వాళ్లు కలుసుకుంటారు. అక్కడ నేను నిమిషానికి 12 మాటల వేగంతో పిలిస్తే, 25 కొట్టగలిగినవాళ్లు కూడా 12కే దిగి వచ్చి జవాబిస్తారు. నెమ్మదిగా పంపమని అడగడానికి క్యూఆర్ఎస్ అనే కోడ్ ఉంది గానీ, దాన్ని వాడాల్సిన అవసరం నాకు రెండుసార్లు కూడా రాలేదు.

నాయనకు హామ్‌ల పొట్టి మాటలు కొత్త. క్యూటీహెచ్ అంటే ఊరు, క్యూఎస్‌బీ అంటే సిగ్నలు పడుతూ లేస్తూ ఉండటం, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాను. 73 మాత్రం చెప్పక్కర్లేకపోయింది. సంభాషణ చివర శుభాకాంక్షలు అనడానికి 73 అని కొడతారు, అమెరికా తంతి ఆఫీసుల కాలం నుంచి వస్తున్న అలవాటు. మన తంతి ఆఫీసుల్లో కూడా దీపావళికొక నంబరు, పెళ్లికొక నంబరు ఉండేవి కదా. నంబరు కొడితే అవతల పూర్తి వాక్యం రాసి ఇచ్చేవాళ్లు. "ఓహో, గ్రీటింగ్ నంబరా" అని రాసుకుంటూ పోయాడు. 2013 జూలైలో తంతి సేవ ఆగిపోయిన రోజు టీవీలో ఆ వార్త చూసి నోరు మెదపకుండా లోపలికి వెళ్లి పడుకున్న మనిషి ఆయన.

ఇంకో సంగతి. రేడియోలో డీకోడర్ ఉంది, వచ్చే మోర్స్‌ను తెర మీద అక్షరాలుగా చూపిస్తుంది. చుక్కలూ గీతలూ సమానంగా పుట్టించే ఎలక్ట్రానిక్ కీయర్‌తో కచ్చితంగా పంపేవాళ్లది బాగానే చూపిస్తుంది. ఇత్తడి కీతో చేత్తో కొట్టేవాళ్లది తడబడుతుంది, ఎవరి చెయ్యి వాళ్లది కాబట్టి. దాన్ని ఆపేసుకున్నాం. చేతిరాత చూసి మనిషిని పోల్చినట్టు, చెయ్యి విని మనిషిని పోల్చవచ్చు. గుత్తి స్టేషనులో రాత్రి డ్యూటీ ఎవరిదో మొదటి నాలుగు అక్షరాలకే తెలిసిపోయేదని నాయన చెబుతుంటే చిన్నప్పుడు కథ అనుకున్నాను. గత నెలలో కాల్ సైన్ ఇంకా రాకముందే, "కేరళాయన వచ్చినాడు, గీత రవ్వంత సాగదీస్తాడు" అన్నాడు. ఆయనే.

కొనేవాళ్లు తెలుసుకోవాల్సిన పరిమితులు కూడా ఉన్నాయి. తెర రెండు వరుసలే, అక్షరాలు చిన్నవి. అరవై దాటినవాళ్లకు కళ్లద్దాలు కావాల్సిందే. రెండు బటన్లు, ఒక తిప్పుడు నాబ్‌తో మెనూ అంతా నడపాలి, మొదటి వారం మాన్యువల్ పక్కన పెట్టుకోక తప్పదు. పాత కిట్టు కాబట్టి నా దాంట్లో ఏజీసీ లేదు. అంటే బలమైన స్టేషను వచ్చినప్పుడు శబ్దం దానంతట అది తగ్గదు, మనమే వాల్యూం తగ్గించుకోవాలి. సన్నటి సిగ్నలు కోసం వాల్యూం పెంచి కూర్చున్నప్పుడు బెంగళూరు నుంచి 100 వాట్లవాళ్లు పక్కనే మొదలుపెడితే చెవి అదిరిపోతుంది. నాయన చెవుల విషయంలో నేను ఏ ప్రమాదానికీ సిద్ధంగా లేను. అందుకని ఆయన ఇయర్‌ఫోన్ తీగలో విడిగా ఒక చిన్న వాల్యూం కంట్రోలు పెట్టాను, చెయ్యి ఎప్పుడూ దాని మీదే ఉంటుంది.

మాట్లాడాలని హామ్ రేడియోలోకి వచ్చేవాళ్లకు, కొనగానే వాడాలనుకునేవాళ్లకు దీన్ని చెప్పను. వాళ్లకు మైక్రోబిట్‌ఎక్స్ లాంటిది నయం. మోర్స్ నేర్చుకుంటున్నవాళ్లు, నేర్చుకుని వదిలేసినవాళ్లు, ఇంట్లో పాత కీ ఏదైనా దాచుకున్నవాళ్లు మాత్రం ఆలోచించకుండా తీసుకోండి. నాకైతే ఐదుకు ఐదు.

దీనికి విడిగా వేసుకునే ఏజీసీ బోర్డు ఒకటి ఉంది. అది తెప్పించమని ఆ బెంగళూరు మిత్రుడికే చెప్పాను. వచ్చాక బిగించి, నాయన చెవికి ఎలా ఉందో అడిగి రాస్తాను.